తేమ కొలవని షెడ్డు, తూకం లేని అంగడి

పట్టుపురుగులు మేపే రైతుకు ప్రతి పంటలోనూ వారం రోజులు కంటిమీద కునుకు వుండదు. నాలుగో జ్వరం లేచిన పురుగులు ఆకుమీద పడి తింటూ వుంటే షెడ్డంతా చిరుజల్లు కురుస్తున్నట్టు చప్పుడు. ఆ చప్పుడు వింటుంటే ఇంటిల్లపాదికీ ధైర్యం. సంఘంలో తీసుకున్న అప్పు తీరుతుందని, పిల్లవాడి ఫీజు కట్టవచ్చునని లెక్కలు సాగుతాయి. ఒక తెల్లవారుజామున ఆ చప్పుడు సన్నబడుతుంది. మధ్యాహ్నానికి వేసిన ఆకు వేసినట్టే వుంటుంది. సాయంత్రానికి పురుగులు పడక అంచులకు చేరి తల వాల్చేస్తాయి. ఆ రాత్రి ఆ ఇంట్లో పొయ్యి వెలగదు.

శ్రీ సత్యసాయి జిల్లాలో హిందూపురం, మడకశిర, పెనుకొండ, కదిరి ప్రాంతాల పల్లెలకు ఈ దృశ్యం కొత్తది కాదు. పంట పోయినప్పుడు మొదటి నింద గుడ్లమీద పడుతుంది. రెండవది చాకీ కేంద్రం మీద, మూడవది ఆకుకు చల్లిన మందుమీద. ఇవేవీ కుదరకపోతే ఎవరిదో కళ్ళు పడ్డాయంటారు. వీటిలో కొన్ని నిజం కావచ్చు కూడా. గంటు రోగం తల్లి నుంచి గుడ్డుకు వచ్చేదే. పక్క పొలంలో కొట్టిన పురుగుమందు గాలికి వచ్చి మల్బరీమీద వాలితే పురుగు చావడమూ నిజమే. కాని, ఆ వారం రోజులూ షెడ్డులో గాలి తేమ ఎంత వుందని అడిగితే మాత్రం పది మందిలో ఒకరైనా అంకె చెప్పగలరా అన్నది అనుమానమే. కొలిస్తే గదా చెప్పేది!

షెడ్డు కట్టడానికి లక్షలు పెడుతున్నారు. ఇనుప స్టాండ్లు, నేత్రికలు, మందు చల్లే యంత్రాలు కొంటున్నారు. మల్బరీ తోటకు బిందు సేద్యం పెట్టుకున్నారు. ఇన్ని చేసిన రైతు గోడకు ఒక తడి-పొడి థర్మామీటరు తగిలించడం దగ్గర మాత్రం చెయ్యి వెనక్కు తీసుకుంటున్నాడు. తూకం లేకుండా అంగడి పెట్టినవాడి వ్యాపారం ఎలా వుంటుందో, తేమ కొలవకుండా పురుగు మేపేవాడి సేద్యం కూడా అలాగే వుంటుంది. లాభం వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు, నష్టం వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు.

కంటికి కనిపించని నీరు

గాలిలో ఎప్పుడూ కొంత నీరు ఆవిరి రూపంలో వుంటుంది. వేడి గాలి ఎక్కువ నీటిని మోస్తుంది, చల్లగాలి తక్కువ మోస్తుంది. మోయగలిగిన దానిలో ఎంత భాగం మోస్తున్నదో చెప్పేదే తేమ శాతం. ఈ చిన్న సంగతి అర్థమైతే షెడ్డులో జరిగే సగం వింతలు విడిపోతాయి.

పగలు 32 డిగ్రీల వేడిలో 50 శాతం తేమ వున్న గాలినే తీసుకుందాం అనుకుంటే, అదే గాలి తెల్లవారుజామున 22 డిగ్రీలకు చల్లబడేసరికి దానిలో తేమ 90 శాతానికి చేరుతుంది. ఎవరూ ఒక్క చుక్క నీరు చల్లలేదు. గాలి చల్లబడింది, అంతే. పగలంతా బాగున్న షెడ్డులో తెల్లవారేసరికి రేకుల కింద చెమట పట్టి, చుక్కలు పడకమీద రాలడం ఇందువల్లనే. పగటిపూట ఒకసారి చూసి ‘అంతా బాగానే వుంది’ అనుకుని పడుకున్న రైతు, రాత్రి రెండు గంటలకు షెడ్డులో ఏం జరుగుతున్నదో చూడడు.

దీనికి తిరగేసిన లెక్క కూడా వుంది. చలికాలంలో 20 డిగ్రీల వద్ద 90 శాతం తేమ వున్న గాలిని 25 డిగ్రీలకు వెచ్చబెడితే తేమ 66 శాతానికి దిగుతుంది. అంటే వెచ్చదనం కూడా తేమకు మందే. అందుకని బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించడం మాత్రం ప్రమాదం. కుంపటి నుంచి వచ్చే విషవాయువు పురుగులకే కాదు, కాపలా పడుకున్న మనిషికి కూడా ప్రాణాంతకం. పొగ లేని విద్యుత్ హీటరు, దానితో పాటు గాలి పోయే దారి, రెండూ వుండాలి.

పసిబిడ్డకు ఒక లెక్క, పెద్దవాడికి ఒక లెక్క

పట్టుపురుగు నీరు తాగదు. దానికి నీరంతా ఆకులోనుంచే రావాలి. గుడ్డునుంచి వెలువడిన పురుగు పూర్తిగా ఎదిగేసరికి బరువు దాదాపు పదివేల రెట్లవుతుంది. ఇంతగా మారే ప్రాణికి మొదటినుంచి చివరిదాకా ఒకే గాలి ఎలా సరిపడుతుంది?

చాకీ దశలో, అంటే మొదటి రెండు దశల్లో, 27-28 డిగ్రీల వేడి, 85 నుంచి 90 శాతం తేమ కావాలి. అప్పుడు వేసే ఆకు లేతది, సన్నగా తరిగినది. గాలి పొడిగా వుంటే ఆ ముక్కలు గంటలో వాడిపోతాయి. వాడిన ఆకును పసిపురుగు తినలేదు. తినలేని పురుగు చిన్నదిగానే మిగిలిపోతుంది. పడకంతా పెద్దా చిన్నా కలగలుపు అయి, జ్వరానికి కూర్చోవడం, లేవడం ఒకేసారి జరగదు. చాకీ తట్టలకు అడుగున, పైన పారఫిన్ కాగితం వేయడం, చుట్టూ తడిపిన స్పాంజి ముక్కలు పెట్టడం ఇందుకే. మేతకు అరగంట ముందు పైకాగితం తీసి గాలి ఆడనివ్వాలి.

మూడవ దశలో 26 డిగ్రీలు, 80 శాతం. నాల్గవ దశలో 25 డిగ్రీలు, 70 నుంచి 75 శాతం. ఐదవ దశలో 24 డిగ్రీలు, 65 నుంచి 70 శాతం. గూడు కట్టేటప్పుడు 24-25 డిగ్రీలు, 60 నుంచి 65 శాతం. దశ పెరిగేకొద్దీ వేడీ తగ్గాలి, తేమా తగ్గాలి. చాలా షెడ్లలో జరుగుతున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. పురుగు పెరిగేకొద్దీ ఆకు ఎక్కువవుతుంది, పెంట ఎక్కువవుతుంది, పడక మందమవుతుంది, తేమ కూడా పెరుగుతుంది.

టన్ను ఆకులో ఎన్ని బిందెల నీళ్ళు?

వంద గుడ్ల మేపుకు సుమారు టన్ను ఆకు పడుతుంది. అందులో 80 శాతానికి పైగా ఐదవ దశలోని ఆ ఏడెనిమిది రోజుల్లోనే ఖర్చవుతుంది. మల్బరీ ఆకులో 70 శాతం నీరే. అంటే టన్ను ఆకుతోపాటు రైతు తన షెడ్డులోకి సుమారు 700 లీటర్ల నీరు మోసుకు వస్తున్నాడన్న మాట. ఇందులో కొంత పురుగు ఒంట్లో నిలుస్తుంది. మిగిలినది ఊపిరి రూపంలో, పెంట రూపంలో, తినకుండా మిగిలిన ఆకు ఆరిపోవడంవల్ల షెడ్డు గాలిలోకే వస్తుంది. పండిన పురుగు గూడు కట్టే ముందు ఒంట్లోని నీటిని మూత్రంగా వదులుతుంది. అదీ అక్కడే.

ఇంత నీరు బయటకు పోవడానికి దారి ఏది? షెడ్డు కట్టేటప్పుడు పొడవు ఎంత, వెడల్పు ఎంత, ఎన్ని స్టాండ్లు పడతాయి అన్నవి చూస్తారు. గాలి ఎటునుంచి రావాలి, ఎటు పోవాలి అన్నది మేస్త్రీ ఇష్టానికి వదిలేస్తారు. తేమ నిండిన వెచ్చని గాలి తేలికై పైకి లేస్తుంది. అది పోవడానికి కప్పుకు దగ్గరగా రంధ్రాలు, కొత్త గాలి రావడానికి నేలకు దగ్గరగా రంధ్రాలు వుండాలి. పైన రంధ్రం లేని షెడ్డు మూత పెట్టిన ఇడ్లీ పాత్రతో సమానం.

దీనికి తోడు ఊజీ ఈగ బెడద ఒకటి. పశ్చిమ బెంగాల్ నుంచి 1980లో కర్ణాటకకు వచ్చిన ఈ ఈగ తరువాత ఈ ప్రాంతానికీ పాకింది. దాన్ని ఆపడానికి కిటికీలకు, రంధ్రాలకు నైలాను వల బిగించక తప్పదు. వల బిగించగానే గాలి కొంత తగ్గుతుంది. ఏడాదిపాటు దుమ్ము, సున్నపు పొడి పట్టిన వలలోనుంచి గాలి మరీ తగ్గిపోతుంది. వల తీసేయమని ఎవరూ చెప్పరు. పంటకూ పంటకూ మధ్య దాన్ని కడగాలి, రంధ్రాలు మొదటే పెద్దవిగా పెట్టుకోవాలి.

ముసురులో సున్నకట్టు

వానాకాలంలో, చలికాలంలో రైతును ఎక్కువగా భయపెట్టేది సున్నకట్టు రోగం. ఇది ఒక జాతి బూజు. బొవేరియా అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ శిలీంధ్రం నోటిద్వారా కంటే చర్మంద్వారానే లోపలికి పోతుంది. వేడి 25 డిగ్రీలకు తగ్గి, తేమ 90 శాతం దాటితే దీనికి పండగే. పురుగు చర్మంమీద పడిన బీజం మొలకెత్తి ఒంట్లోకి దిగుతుంది. పురుగు చచ్చి, బిగుసుకుపోయి, సున్నం పూసిన పుల్లలా తెల్లబడుతుంది. ఆ తెల్లని పొడి అంతా బీజమే. గాలి వీచినా, చీపురు తగిలినా షెడ్డంతా పరుచుకుంటుంది.

ఈ రోగానికి మందులు లేకపోలేదు. పడకమీద చల్లే పొడులు వున్నాయి. చచ్చిన పురుగును తెల్లబడకముందే ఏరి కాల్చివేయడం తప్పనిసరి. అయితే తేమ 90 దాటిన షెడ్డులో ఎంత పొడి చల్లినా అది ఓటికుండలో నీళ్ళు పోయడమే. గాలి ఆరితే పొడి పని చేస్తుంది. గాలి ఆరకపోతే దుకాణదారుకు లాభం, రైతుకు ఖర్చు.

ముసురు రోజుల్లో రైతు సాధారణంగా చేసే తప్పు ఒకటి వుంది. చలిగాలి తగులుతుందని కిటికీలన్నీ మూసి, గోనె పట్టాలు వేలాడదీస్తాడు. బయట వాన పడుతున్నది కనుక తేమ బయటినుంచే వస్తున్నదని అతని నమ్మకం. లోపల వందల కిలోల పచ్చి ఆకు పరిచి వుంది, లక్షలలో కాకపోయినా వేలలో పురుగులు ఊపిరి తీస్తున్నాయన్న సంగతి మరిచిపోతాడు. పైగా వానలో కోసిన తడి ఆకును ఆరబెట్టకుండానే వేస్తాడు. అటువంటప్పుడు చేయవలసినది వేరు. ఆకును నీడలో ఆరబెట్టాలి. మేత కాస్త పలచగా వేయాలి. పడకమీద సున్నపు పొడి చల్లాలి. జల్లు లోపల పడకుండా చూసుకుంటూ కిటికీలు తెరిచి, గాలిని బయటకు లాగే ఫ్యాను నడపాలి. పెంట ఎత్తి దూరంగా గోతిలో వేయాలి.

జ్వరం రోజుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. పురుగు చర్మం వదిలే ఆ ఒకటి ఒకటిన్నర రోజు ఆకు ముట్టదు. కింద మిగిలిన ఆకు పచ్చిగా వుంటే ముందు లేచిన పురుగు దాన్ని తింటుంది, వెనుక లేచేది పస్తు వుంటుంది. అక్కడినుంచి మంద మందంతా తేడా అవుతుంది. అందుకే పురుగులు జ్వరానికి కూర్చోగానే సున్నపు పొడి చల్లి పడకను ఆరనివ్వాలి. గాలి తేమను కూడా తగ్గించాలి. జ్వరం రోజున తడి గోనెలు కట్టిన షెడ్డులో తరువాత వచ్చే నష్టానికి గుడ్లను నిందించి లాభం లేదు.

ఎండాకాలంలో ఎదురు సమస్య

మార్చి నెలనుంచి జూన్ వరకు కథ మారుతుంది. ఈ జిల్లాలో ఎండ 40 డిగ్రీలకు ఎగబాకే రోజుల్లో గాలి తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. వేసిన ఆకు గలగలమని ఎండుతుంది. పురుగు సరిగా తినదు, తిన్నది అరగదు. సప్పె రోగం, పాలరోగం అప్పుడే తల ఎత్తుతాయి. అప్పుడు తేమ పెంచక తప్పదు. తడి గోనె తెరలు, కప్పుమీద కొబ్బరి మట్టల నీడ, కూలరు, నీటి తుంపర గొట్టాలు అన్నీ ఆ రోజుల్లో పనికి వచ్చేవే. పొడి గాలిలో నీరు ఆవిరి కావడంవల్ల వేడి కూడా తగ్గుతుంది. ఒక్క దెబ్బకు రెండు లాభాలు.

చిక్కు ఎక్కడ వస్తున్నదంటే, మే నెలలో మేలు చేసిన కూలరునే ఆగస్టులోనూ నడుపుతున్నారు. గాలిలో తేమ అప్పటికే 85 శాతం వుంటే కూలరు నీరు ఆవిరి కాదు, చల్లదనమూ రాదు. మిగిలేది తడి ఒక్కటే. అటు వేడి తగ్గక, ఇటు తేమ పెరిగి పురుగు రెండు విధాలా చెడుతుంది. కొండనాలుకకు మందు వేస్తే వున్న నాలుక వూడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా నిజమవుతున్నది. కూలరు ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఆపాలో చేతి చర్మం చెప్పలేదు. మనిషికి ఉక్కగా వుంటే వేడివల్లనో తేమవల్లనో తేల్చుకోలేడు. అంకె కావాలి.

తప్పు షెడ్డులో, శిక్ష మార్కెట్టులో

పురుగు బతికి గూడు కట్టినంత మాత్రాన గండం గడిచినట్టు కాదు. పురుగు నోటినుంచి వచ్చే దారానికి జిగురు వుంటుంది. గాలి సరిగా వుంటే ఆ జిగురు వెంటనే ఆరుతుంది. తేమ ఎక్కువైతే ఆరడం ఆలస్యమై, దారం పొరలు ఒకదానికొకటి గట్టిగా అంటుకుపోతాయి. అటువంటి గూడును నీటిలో వుడికించి దారం తీసేటప్పుడు మాటిమాటికీ తెగుతుంది. రీలరు దాన్ని ఒకసారి కొంటాడు. రెండోసారి ఆ రైతు గూళ్ళు చూడగానే ధర దించుతాడు.

హిందూపురం మార్కెట్టుకు పోయినా, కర్ణాటకలోని రామనగరానికి పోయినా ఇదే తీరు. పక్క పక్క కుప్పల్లో ఒకే జాతి తెల్ల గూళ్ళు వుంటాయి. ఒక కుప్పకు మంచి ధర, రెండవ కుప్పకు కిలోకు పదులలో తక్కువ. రైతు దళారీ మాయ అనుకుంటాడు. మాయ వున్నచోట దాన్ని అధికారులు అరికట్టవలసిందే. కాని నేత్రికలను గాలి ఆడని మూలలో పేర్చి, పురుగు మూత్రం కింద కాగితంమీద మడుగు కట్టినా తీయకుండా వదిలేసినప్పుడు, ఆ ధర కోత మార్కెట్టుకు రాకముందే షెడ్డులో రాసి వుంది. గూడు కట్టే ఆ రెండు మూడు రోజులు కిటికీలు తెరిచి, కింద పరిచిన కాగితం మార్చడానికి పైసా ఖర్చు కాదు.

కొలిచే పని కష్టమా?

తడి-పొడి థర్మామీటరు అంటే రెండు థర్మామీటర్లు పక్కపక్కన బిగించిన పలక. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ వత్తి వుంటుంది. గాలి పొడిగా వుంటే వత్తి త్వరగా ఆరుతూ ఆ థర్మామీటరును చల్లబరుస్తుంది. రెండిటికీ తేడా ఎక్కువైతే గాలి పొడి, తేడా తక్కువైతే గాలి తడి. అక్షరం రాని ఇల్లాలు కూడా వారం రోజుల్లో నేర్చుకోగల లెక్క ఇది.

పొడిది 27, తడిది 25 చూపితే తేమ 85 శాతం. చాకీకి సరిపోతుంది. పొడిది 25, తడిది 22 చూపితే సుమారు 77 శాతం. పొడిది 24, తడిది 20 చూపితే సుమారు 69 శాతం. ఐదవ దశకు అదే కావాలి. పొడిది 25, తడిది 24 అయితే తేమ 92 శాతం. సున్నకట్టుకు పీట వేసినట్టే. గుర్తు పెట్టుకోవడం కూడా తేలికే. చాకీలో తేడా 2, మూడవ దశలో రెండున్నర, నాల్గవ దశలో 3, ఐదవ దశలో 4, గూడు కట్టేటప్పుడు 5. ఈ అయిదు అంకెలు సుద్దముక్కతో షెడ్డు తలుపుమీద రాసిపెట్టుకుంటే చాలు.

పరికరాన్ని వాకిలి పక్కనో, ఎండ తగిలే గోడమీదనో తగిలిస్తే అది అబద్ధం చెబుతుంది. షెడ్డు మధ్యలో, పడక ఎత్తులో వేలాడదీయాలి. వత్తి శుభ్రంగా వుండాలి. బోరు నీటిలోని ఉప్పు వత్తికి పేరుకుంటుంది కనుక వాన నీరు పోయడం మేలు. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే బ్యాటరీతో అంకెలు చూపే పరికరాలు దొరుకుతున్నాయి. అవీ మంచివే, కాని కొంతకాలానికి తప్పు చూపే అవకాశం వుంది. దాన్ని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చిన్న గిన్నెలో వంట ఉప్పు పోసి, ముద్దగా అయ్యేంత నీరు మాత్రం కలిపి, మూత బిగుతుగా పట్టే డబ్బాలో పరికరంతోపాటు ఒక రాత్రి వుంచాలి. ఉప్పు, నీరు పరికరానికి తగలకూడదు. తెల్లవారి 75 శాతానికి దగ్గరగా చూపితే పరికరం మంచిది. 85 చూపితే పది ఎక్కువ చెబుతున్నదని గుర్తు పెట్టుకోవాలి.

‘మా పెద్దలు ఇవన్నీ చూశారా?’

ఈ ప్రశ్న ప్రతి రచ్చబండ దగ్గరా వినిపిస్తుంది. పెద్దలు కొలవకుండానే మేపిన మాట నిజమే. అయితే వారు మేపినది మట్టి గోడలు, బోద కప్పు వున్న ఇళ్ళలో. మట్టి గోడ తేమ ఎక్కువైనప్పుడు పీల్చుకుంటుంది, తక్కువైనప్పుడు వదులుతుంది. బోద కప్పు ఎండనూ చలినీ ఆపుతుంది. ఆ పురుగులు కూడా మొండివి. పసుపు గూళ్ళు కట్టే ఆ సంకర జాతులు కొంత అటూ ఇటూ అయినా తట్టుకునేవి. నేడు తెల్ల గూళ్ళు కట్టే బైవోల్టిన్ జాతికి ధర ఎక్కువ, దారం నాణ్యత ఎక్కువ, సున్నితమూ ఎక్కువే. షెడ్డు సిమెంటుది, కప్పు రేకులది. ఇల్లు మారింది, పురుగు మారింది, మేపు పరిమాణం పెరిగింది. పద్ధతి మాత్రం తాతలనాటిదే వుండాలంటే ఎలా?

చిన్నరైతుకు ఇవన్నీ తలకు మించిన పని అన్న వాదన కూడా వుంది. నిజానికి తేమ చూసుకోవడంలో ఖరీదైన భాగం తక్కువ. వల కడగడం, పెంట ఎత్తడం, పడక పలచగా వుంచడం, సమయానికి కిటికీ తెరవడం, సున్నపు పొడి చల్లడం – ఇవన్నీ చేతి పనులు. ఒక్క పంట పోతే గుడ్ల డబ్బు, కూలి, ఎరువు, కరెంటు, నెల రోజుల కుటుంబ శ్రమ అన్నీ పోతాయి. దాని ముందు థర్మామీటరు ఖరీదు లెక్కలోకి రాదు.

అధికారులు ఆలోచించవలసినది

రైతుకు చెప్పి వూరుకుంటే న్యాయం కాదు. పట్టు పరిశ్రమ శాఖకు ఈ ప్రాంతంలో సాంకేతిక సేవా కేంద్రాలున్నాయి. హిందూపురం పక్కనే కిరికెరలో రాష్ట్ర పట్టు పరిశోధన సంస్థ వుంది. మైసూరులోని కేంద్ర పట్టు పరిశోధన సంస్థ ఈ జిల్లాకు పరాయిది కాదు. షెడ్ల నిర్మాణానికి ప్రభుత్వాల సాయమూ అందుతూ వచ్చింది. ఈ సాయం ఇచ్చేటప్పుడు షెడ్డు పొడవు వెడల్పులు టేపుతో కొలిచినంత శ్రద్ధగా, కప్పు కింద రంధ్రాలున్నాయా, గోడకు తడి-పొడి థర్మామీటరు వుందా అన్నది కూడా చూసి సంతకం పెట్టాలి.

చాకీ కేంద్రాలు పురుగులతోపాటు ఒక చీటీ ఇవ్వాలి. ఆ మంద ఎంత వేడిలో, ఎంత తేమలో పెరిగిందో రోజువారీగా అందులో వుండాలి. రైతు తన షెడ్డులో ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూసిన అంకెలను అదే చీటీలో కొనసాగించాలి. పంట పోయినప్పుడు ఎవరి తప్పో తేల్చడానికి అంతకంటే మంచి సాక్ష్యం మరొకటి వుండదు. గుడ్లది తప్పైతే రైతు ధైర్యంగా పరిహారం అడగవచ్చు. ఈనాడు అతని దగ్గర కన్నీళ్ళు తప్ప కాగితం లేదు.

శిక్షణ విషయంలో ఇంకొక మాట. షెడ్డులో పని ఎక్కువగా చేసేది ఆడవారు. శిక్షణకు పిలుపు వచ్చేది మగవారికి. మధ్యాహ్నం మేతకు, సాయంత్రం మేతకు మధ్య దొరికే రెండు గంటల్లో ఏదో ఒక రైతు షెడ్డులోనే ఆ పాఠం చెబితే పది ఊళ్ళకు మేలు. మడకశిర వైపు కన్నడం మాట్లాడే కుటుంబాలున్నాయి కనుక ఆ భాషలోనూ చెప్పాలి.

వేరుశనగ వాన దయమీద ఆధారపడి ఏళ్ళ తరబడి దెబ్బతిన్న నేల ఇది. గుడ్డు పొదిగిన నెల రోజులకే డబ్బు కళ్ళజూపించే పట్టుపురుగు ఇక్కడి చిన్నరైతుకు దొరికిన కొద్దిపాటి ఆసరా. ఆ ఆసరా ఆకాశంమీద ఆధారపడనక్కరలేదు. నాలుగు గోడల మధ్య వున్న గాలిని రైతు తన చేతిలో పెట్టుకోవచ్చు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కంటే, ఆకు వేసే ముందు ఒకసారి గోడవైపు చూడటం మేలు. వచ్చే ముసురుకు ముందే ప్రతి షెడ్డులోనూ ఆ చిన్న పలక వేలాడుతుందా లేదా అన్నదానిమీదే ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగడం ఆధారపడి వుంది.